నెమలికంఠం చీర, రెండు తెరలు

బరంపురంలో మా పిన్ని పట్టుచీరలు అమ్ముతుంది. కొట్టంటూ లేదు. ఇంటి ముందుగదిలో చాప పరిచి, వచ్చినవాళ్లకి అక్కడే విప్పి చూపిస్తుంది. సగం బేరం ఊళ్లోవాళ్లతో, మిగతా సగం వాట్సాప్‌లో: ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖ, ఇంకా పైకి. ఫొటోలు తీసి, సరిచేసి, పంపే పని నాది. నా అసలు పని పెళ్లి ఆల్బమ్‌లు, శుభలేఖలు డిజైన్ చేయడం. ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు వేసిన శుభలేఖలు మా ఊళ్లో మామూలే.

ల్యాప్‌టాప్ తెర చాలడం లేదని ఒక పెద్ద మానిటర్ కొని పక్కన పెట్టుకున్నాను. వారం తిరక్కుండానే చిక్కు మొదలైంది. ఓ సాయంత్రం పిన్ని నెమలికంఠం రంగు చీర పట్టుకొచ్చింది. అంచున ఫోడా కుంభం, అంటే గుడి గోపురాల్లా వరసగా లేచే మొనలు. బరంపురం పట్టుకి జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది ఆ అంచు పేరుతోనే. ఫొటో తీసి కంప్యూటర్లో తెరిచి, సగం ల్యాప్‌టాప్ మీద, సగం మానిటర్ మీద ఉండేలా లాగాను. ఒకే మడత మీద నిలువునా గీత గీసినట్టయింది. ఎడమ సగం బూడిద కలిసిన పచ్చ. కుడి సగం కళ్లు చెదిరే నీలం. పిన్ని ఒళ్లో ఉన్న చీర ఆ రెండూ కాదు.

“ఏటి బాబూ, ఇందులో మన చీర ఏది?” అంది.

నా దగ్గర జవాబు లేదు. ఏళ్లుగా అలవాటైన ల్యాప్‌టాప్‌నే నమ్మి, రంగు వెలిసినట్టుందని ముదురు చేసి పంపాను. విశాఖలో ఒకావిడ ఆ ఫొటో చూసి కొనుక్కుంది. పార్శిల్ విప్పాక, ఫొటోలో మెరిసిపోయిన చీర ఇది కాదంటూ తిప్పి పంపేసింది. రానూపోనూ ఖర్చు పిన్ని నెత్తిన పడింది. అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది, ఆవిడ మళ్లీ పిన్నిని అడగకపోవడం. ఆ చీర ఏం తప్పు చేయలేదు. తప్పు నా తెరల దగ్గర జరిగింది. ఎందుకు జరిగిందో అప్పటి నుంచి పట్టుకుని తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. చీరలైనా, పెళ్లి ఫొటోలైనా, పిల్లల ప్రాజెక్టులైనా, రెండు తెరలు పక్కపక్కన పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఈ తలనొప్పి ఉంటుంది.

కంప్యూటర్ పంపేది రంగు కాదు, అంకె

ఆ చీర మడతలో ఒక చుక్క తీసుకుందాం. ఫైల్లో దాని రాత ఇలా ఉంటుంది: ఎరుపు 0, పచ్చ 104, నీలం 122. ఒక్కో రంగుకీ 0 నుంచి 255 దాకా లెక్క. కంప్యూటర్ రెండు తెరలకీ ఈ మూడు అంకెలే పంపుతుంది, రెండింటికీ అవే. ఆ తర్వాత జరిగేదంతా తెర ఇష్టం.

ఒకే వీధిలో ఇద్దరు అద్దకం వాళ్లకి ఒకే చీటీ ఇచ్చామనుకోండి: నీలం ఇంత, పచ్చ ఇంత. ఒకరి డబ్బాలో నీలం ముదురుగా ఉంది, ఇంకొకరి డబ్బాలో కాస్త ఊదా కలిసింది. చీటీలో ఒక్క అక్షరం తేడా లేకపోయినా నూలు రెండు రంగుల్లో బయటికొస్తుంది. 122 అంటే “నీ దగ్గరున్న నీలంలో 255 మెట్లకి 122వ మెట్టు దాకా వెయ్యి” అని చెప్పడమే. ఏ నీలమో ఆ అంకె చెప్పదు.

ఈ గందరగోళం ఆపడానికే 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ఒక కొలబద్ద ప్రతిపాదించాయి. దాని పేరు ఎస్ఆర్‌జీబీ. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఎరుపంటే సరిగ్గా ఏ ఎరుపు, పచ్చంటే ఏ పచ్చ, నీలమంటే ఏ నీలం, మూడూ నిండుగా వెలిగితే వచ్చే తెలుపు ఎలా ఉండాలి, 0 నుంచి 255 దాకా వెలుతురు ఏ వంపులో పెరగాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఈ రోజుకీ ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల్లో ఎక్కువ భాగం దాన్ని బట్టి తయారైనవే. బజారులో తూకంరాయికి ముద్ర ఉన్నట్టు, రంగుకి ఇది ముద్ర.

నేను మొదట్లో చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. మానిటర్‌ని ల్యాప్‌టాప్‌లా కనిపించేట్టు తిప్పాను. మర్నాడు ల్యాప్‌టాప్‌ని మానిటర్‌లా తిప్పాను. ఇద్దరు వ్యాపారులు ఒకరి రాయితో ఒకరు సరిచూసుకుంటే రెండూ తప్పుగానే కలుస్తాయి. ఏ తెరకి ఆ తెరని విడిగా ఆ ముద్ర రాయి దగ్గరికి తీసుకెళ్లాలి. రెండూ దానికి దగ్గరైనకొద్దీ ఒకదానికొకటి వాటంతటవే దగ్గరవుతాయి.

అసలు తెరల్లోనే తేడా

ఎల్‌సీడీ తెర వెనక ఒక దీపం ఉంటుంది. మామూలు తెరల్లో అది నీలం ఎల్‌ఈడీ, దాని మీద పసుపు వెలుతురిచ్చే ఫాస్ఫర్ పూత. ఆ నీలమూ పసుపూ కలిసి తెలుపవుతుంది. దాని ముందు సన్నటి ఎరుపు, పచ్చ, నీలం ఫిల్టర్లు. ఫిల్టర్ పల్చగా ఉంటే వెలుతురు ఎక్కువ దాటుతుంది, తక్కువ కరెంటుతో తెర ప్రకాశంగా ఉంటుంది, కానీ రంగు చిక్కదనం పోతుంది. చవక ల్యాప్‌టాప్‌ల్లో బ్యాటరీ కోసం, ఖర్చు కోసం చేసే రాజీ ఇదే. ఖరీదైన తెరల్లో దీపానికి వేరే ఎరుపు ఫాస్ఫరో, క్వాంటమ్ డాట్లో (చిక్కటి రంగు వెలుతురిచ్చే అతి సన్నటి కణాలు) వాడి మూడు రంగులూ విడివిడిగా చిక్కగా వచ్చేట్టు చేస్తారు. ఓఎల్‌ఈడీలో అయితే వెనక దీపమే ఉండదు, ఏ చుక్క ఆ చుక్కే వెలుగుతుంది.

ల్యాప్‌టాప్ వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో “45 శాతం ఎన్‌టీఎస్‌సీ” అని ఉంటుంది. నేను కొనేటప్పుడు ఆ లైను మీద నా కన్నే పడలేదు. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా కలర్ టీవీ కొలత. దానితో పోలిస్తే ఎస్ఆర్‌జీబీలో ఉన్న రంగుల విస్తీర్ణం సుమారు 72 శాతం. అంటే 45 శాతం తెర, ఎస్ఆర్‌జీబీలో సుమారు 62 శాతం విస్తీర్ణం మాత్రమే చూపగలదు. అలాంటి తెర మీద కుంకుమ ఎరుపు ఇటుక రంగుకి దిగిపోతుంది, చిలకపచ్చ నీరసపడుతుంది. ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయదు. డబ్బాలో లేని రంగు చీటీ మార్చినంత మాత్రాన రాదు.

మానిటర్ వైపు తప్పు దీనికి ఎదురుగా ఉండొచ్చు. ఈమధ్య మానిటర్లు ఎస్ఆర్‌జీబీ కన్నా విశాలమైన పరిధితో వస్తున్నాయి, సినిమా వాళ్ల డీసీఐ-పీ3 కొలతకి దగ్గరగా. వినడానికి బాగుంటుంది. కానీ ఎస్ఆర్‌జీబీ కోసం రాసిన 104ని ఆ తెర తన చిక్కటి పచ్చలోంచి లెక్కకట్టి చూపిస్తే, చీర నియాన్ బోర్డులా వెలుగుతుంది. రాణీ రంగైతే మరీ ఘోరం. నా గదిలో జరిగింది సరిగ్గా ఇదే. ఎడమ తెర పరిధి చాలలేదు, కుడి తెర పరిధి పొంగిపోయింది. మధ్యలో పిన్ని చీర.

ఇంకొక తేడా ఆకాశంలో, గోడ నీడలో బయటపడుతుంది. చవక తెరలు ఒక్కో రంగులో 256 మెట్లకి బదులు 64 మెట్లే నిజంగా చూపిస్తాయి. అంటే మొత్తం 2,62,144 రంగులు. 256 మెట్లయితే 1 కోటి 67 లక్షల పైచిలుకు. లోటు భర్తీకి పక్కపక్క మెట్ల మధ్య గబగబా మారుతూ కంటికి మధ్య రంగు ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. ఆ పని సరిగా చేయకపోతే గోపాల్‌పూర్ బీచ్‌లో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటోలో సాయంత్రపు ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంది. ఆ చారలు ఫొటోలో ఉన్నాయేమోనని ఒకసారి గంటసేపు వాటిని చెరుపుతూ కూర్చున్నాను. పక్క తెరలో చూస్తే ఒక్క చారా లేదు.

తెర రకం కూడా చూసుకోవాలి. టీఎన్ రకం తెరని నాలుగు వేళ్లు వెనక్కి వంచితే చాలు, కింద సగం, పై సగం వేరే రంగులవుతాయి. ఐపీఎస్ అనే ఇంకో రకంలో ఈ బాధ చాలా తక్కువ. మీది టీఎన్ అయితే రంగు పనికి దాన్ని వాడకపోవడమే మంచిది. తప్పదనుకుంటే మూత ఎంత వంచాలో ఒక గుర్తు పెట్టుకోండి.

ముందు తెలుపు

రంగుల తేడా మీదే అందరి దృష్టీ ఉంటుంది గానీ, పక్కపక్కనున్న తెరల మధ్య కంటిని పొడిచేది అసలు తెలుపు. రెండింటి మీదా ఖాళీ తెల్ల పేజీ తెరిచి చూడండి. ఒకటి కాస్త నీలంగా, ఒకటి కాస్త పసుపుగా ఉంటుంది. ఒక్క తెరే ఉంటే మన కన్ను దానికి సర్దుకుపోతుంది. పసుపు బల్బు కింద కూడా తెల్ల పంచె తెల్లగానే కనిపించేది అందుకే. ఎదురుగా రెండు తెలుపులుంటే కన్ను ఏదో ఒకదానికే సర్దుకోగలదు, రెండోది తప్పుగా తోస్తుంది. తెలుపు కలిసిన రోజున సగం గొడవ తీరిపోతుందని నా అనుభవం.

తెలుపు ఎంత వెచ్చగా, ఎంత చల్లగా ఉందో కెల్విన్లలో చెబుతారు. ఎస్ఆర్‌జీబీ తెలుపు డీ65, అంటే సుమారు 6500 కెల్విన్, మబ్బు పట్టిన మధ్యాహ్నపు వెలుతురులాంటిది. చాలా మానిటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు దానికన్నా నీలంగా, అవసరానికి మించిన వెలుతురుతో ఉంటాయి. షాపులో వరసగా పెట్టినప్పుడు నీలం తెలుపే ఎక్కువ తెల్లగా అనిపిస్తుంది కదా, అందుకు.

నేను చేసింది ఈ వరసలో. మానిటర్‌ని అరగంట వెలగనిచ్చాను. దీపం వేడెక్కేదాకా రంగు నిలకడగా ఉండదు. తర్వాత మానిటర్ బటన్లతో మెనూలోకి వెళ్లి గేమ్, సినిమా, వివిడ్ లాంటి మోడ్‌లన్నీ వదిలేసి ఎస్ఆర్‌జీబీ మోడ్ ఉందేమో చూశాను. విశాల పరిధి మానిటర్‌కి ఈ మోడ్ చాలా విలువైనది. పొంగిపోయే రంగుని ఎస్ఆర్‌జీబీ గట్టు లోపలికి తెస్తుంది. చాలా మానిటర్లలో ఈ మోడ్‌లోకి వెళ్తే మిగతా సెట్టింగులు తాళం పడతాయి, వెలుతురు కూడా మార్చనివ్వని మోడళ్లున్నాయి. అలాంటప్పుడు యూజర్ మోడ్ పెట్టుకుని ఎరుపు, పచ్చ, నీలం గెయిన్‌లు, అంటే ఒక్కో రంగు పాలు పెంచే తగ్గించే సెట్టింగులు, చేత్తో సరిచేసుకోవాలి.

వెలుతురు సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే రెండు తెరలు వేర్వేరు వెలుతురులో ఉంటే ఒకే రంగు కూడా వేరుగా కనిపిస్తుంది. సులువైన పద్ధతి: తెర మీద తెల్ల పేజీ తెరిచి, పక్కన మామూలు జెరాక్స్ కాగితం పట్టుకోండి. తెర దీపంలా వెలుగుతుంటే తగ్గించండి, కాగితంతో సమానమయ్యేదాకా. తెర వెలుతురు కొలిచే మీటరు ఉన్నవాళ్లు చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాలు (వెలుతురు కొలత) పెట్టుకుంటారు. రెండింటిలో ఎక్కువ వెలిగేది కిందికి దిగాలి. తక్కువ వెలిగేదాన్ని పైకి లాగడం కుదరదు.

తర్వాత తెలుపు. మానిటర్ నీలంగా ఉంటే నీలం గెయిన్ రెండు పాయింట్లు తగ్గించి, కళ్లు పక్కకి తిప్పి, ఒక నిమిషం ఆగి మళ్లీ చూడాలి. తదేకంగా చూస్తూ తిప్పితే కన్ను మోసం చేస్తుంది. తగ్గించడమే పద్ధతి. పెంచితే లేత రంగులన్నీ తెలుపులో కలిసిపోతాయి, పెళ్లికూతురి తెల్ల మధుపర్కాల మీద నేత కనబడదు. ల్యాప్‌టాప్‌కి ఇలాంటి బటన్లు ఉండవు కాబట్టి, మీటరు లేనివాళ్లు వెలుతురు, తెలుపు మాత్రం మానిటర్‌నే ల్యాప్‌టాప్ దారికి తేవచ్చు. ల్యాప్‌టాప్ తెలుపు మరీ తేడాగా ఉంటే విండోస్‌లో ఉన్న డిస్‌ప్లే కలర్ క్యాలిబ్రేషన్‌తో దాన్నీ కాస్త జరపొచ్చు. కానీ రంగుల చిక్కదనం విషయంలో మానిటర్‌ని ల్యాప్‌టాప్ స్థాయికి దించొద్దు. బలహీనమైన తెరని చూసి మంచి తెరని పాడుచేసుకోవడమే అవుతుంది.

నీడల కోసం నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ఉండే బూడిద పట్టీ ఒకటి తయారుచేసుకుని రెండు తెరల మీదా పెట్టుకోండి. మధ్య మెట్లు ఒక తెరలో ముదురుగా, ఇంకోదానిలో లేతగా ఉంటే గామా, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు పెరిగే వంపు, వేరుగా ఉందన్నమాట. మానిటర్‌లో గామా 2.2 ఎంచుకోవాలి.

చాటున చెయ్యి పెట్టేవి

ఇదంతా చేశాక కూడా నా ల్యాప్‌టాప్ రోజుకో రంగు చూపించేది. కారణం పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. మా వీధిలో కరెంటు పోతూ ఉంటుంది. మానిటర్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టిన ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదు. కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారి, కరెంటు ఆదా కోసం తెర దీపాన్ని తగ్గించి, ఆ లోటు కనబడకుండా బొమ్మలో లేత భాగాలని తానే పెంచేది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో డిస్‌ప్లే పవర్ సేవింగ్ అనీ, ఏఎండీలో వారీ-బ్రైట్ అనీ ఉండే సదుపాయాల పని ఇదే. తెరిచిన ఫొటోని బట్టి అది మారుతూ ఉంటుంది. నల్లటి ఫొటోకి ఒకలా, తెల్లటి ఫొటోకి ఒకలా. రంగు సరిచూసేవాడికి ఇంతకన్నా శత్రువు లేదు. దాన్ని ఆపేశాక, ప్లగ్గు కూడా మార్పించాను.

విండోస్‌లో నైట్ లైట్, ఆపిల్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్, మానిటర్‌లో ఐ కేర్ పేరుతో వచ్చే పసుపు మోడ్, డైనమిక్ కాంట్రాస్ట్, గది వెలుతురుని బట్టి మారే ఆటో బ్రైట్‌నెస్, ఇవన్నీ రంగు పని చేసేటప్పుడు ఆపి ఉంచాలి. వెలుతురు నీడల తేడాని మరీ ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ కూడా అంతే. మానిటర్ మీద హెచ్‌డీఆర్ గుర్తు ఉందని ఆన్ చేస్తే మామూలు ఫొటోలు పాలిపోవడం చాలామందికి అనుభవమే.

హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంకొక చిక్కు వస్తుంది. టీవీ ప్రపంచంలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ ప్రపంచంలో 0, 255. కంప్యూటర్ కొన్నిసార్లు మానిటర్‌ని టీవీ అనుకుని 16-235 లెక్కలో పంపుతుంది. మానిటర్ 0-255 అనుకుని చూపిస్తే నలుపంతా బూడిదవుతుంది, ఫొటో మీద పల్చటి పొగ కమ్మినట్టుంటుంది. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో లిమిటెడ్ అని ఉన్నదాన్ని ఫుల్‌కి మారిస్తే ఆ పొగ ఒక్క క్షణంలో పోతుంది. ఎర్ర అక్షరాల అంచులు మసకగా అలుక్కుపోయినట్టుంటే అదే చోట కలర్ ఫార్మాట్ వైసీబీసీఆర్ నుంచి ఆర్‌జీబీకి మార్చండి.

ప్రొఫైల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఐసీసీ ప్రొఫైల్ అన్న మాట వినగానే చాలామంది బెదిరిపోతారు. 1993లో కొన్ని కంపెనీలు కలిసి ఏర్పరచిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం పేరు మీద వచ్చిన ఫైల్ అది. అందులో ఉండేది ఒక తెర గురించిన నిజాయితీ గల పరిచయం: ఈ తెర ఎరుపు ఇలాంటిది, పచ్చ ఇలాంటిది, వెలుతురు ఇలా పెరుగుతుంది అని. ఫొటోషాప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ పరిచయం చదువుకుని, “ఈ తెరకి 104 పంపితే ఎక్కువవుతుంది, ఇంకాస్త తక్కువ పంపుదాం” అని అంకెలు మార్చి పంపుతుంది. అద్దకం వాళ్ల డబ్బాలు ముందే చూసొచ్చి, ఒక్కొక్కరికి వేరే చీటీ రాసివ్వడం లాంటిది.

ఇందులో రెండు పనులున్నాయి, రెండింటినీ జనం కలిపేస్తారు. తెలుపు, వెలుతురు, గామా సరిచేయడం క్యాలిబ్రేషన్. అది తెర మీద ఉన్న అన్నిటికీ వర్తిస్తుంది. రంగుల పరిధిని లెక్కలోకి తీసుకోవడం ప్రొఫైల్ పని, అది ప్రొఫైల్‌ని చదివే సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది. విండోస్‌లో డెస్క్‌టాప్ వాల్‌పేపర్ మామూలుగా దాన్ని పట్టించుకోదు. అందుకే ఫొటోషాప్‌లో రెండు తెరలూ దగ్గరగా ఉండి, వాల్‌పేపర్ మాత్రం వేరుగా కనిపిస్తుంది. ప్రొఫైల్ పనిచేయడం లేదేమోనని టెన్షన్ పడక్కర్లేదు. రంగులు పోల్చాలంటే ప్రొఫైల్ చదివే ప్రోగ్రామ్‌లోనే పోల్చాలి.

ఏ తెరకి తగిలించాల్సిన ప్రొఫైల్ ఆ తెరకే ఉందో లేదో కలర్ మేనేజ్‌మెంట్‌లో ఒకసారి చూడండి. మానిటర్ ప్రొఫైల్ ల్యాప్‌టాప్‌కి తగులుకుని ఉంటే ఎంత సరిచేసినా తప్పే వస్తుంది. మానిటర్‌ని ఎస్ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టి, దాని విశాల పరిధి ప్రొఫైల్‌ని అలాగే ఉంచినా తప్పే. ఉన్నదొకటి, పరిచయం ఇంకొకటి అవుతుంది.

కంటితో ఇంతవరకే వెళ్లగలం. ఆ తర్వాత మీటరు కావాలి. కలరీమీటర్ అంటారు, కంప్యూటర్ మౌస్ అంత ఉంటుంది, తెర మీద వేలాడదీస్తే వరసగా వచ్చే రంగు ముక్కలని చదివి ప్రొఫైల్ రాసిపెడుతుంది. స్పైడర్, క్యాలిబ్రైట్ పేర్లతో దొరుకుతాయి. డిస్‌ప్లేకాల్, ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు చాలా మీటర్లతో పనిచేస్తాయి. ఒక్కరికి బరువే. మేం నలుగురం ఆల్బమ్ పని చేసేవాళ్లం కలిసి ఒకటి కొనుక్కుని నెలకోసారి చేతులు మార్చుకుంటున్నాం. చిన్న ఊళ్లలో పనిచేసేవాళ్లకి ఇదే నా సలహా. రెండు తెరలకీ ఒకే మీటరు, ఒకే లక్ష్యం పెట్టుకోండి: డీ65, గామా 2.2, ఒకే వెలుతురు. కొలత చివర్లో డెల్టా ఈ అని ఒక అంకె వస్తుంది. రావలసిన రంగుకీ వచ్చిన రంగుకీ మధ్య దూరం అది. 1 దగ్గర కన్ను తేడాని పసిగట్టడం మొదలుపెడుతుందని లెక్క. సగటు 2 లోపుంటే నేను చీరల పనికి సంతోషంగా ఒప్పుకుంటాను.

పదిహేడు మంది కళ్లు

మీటరుతో కొలిచి, రెండు తెరలదీ ఒకే తెలుపు అని అంకెలు చెప్పిన రోజున కూడా నాకు ఒకటి కాస్త గులాబీగా కనిపించింది. మీటరు పాడైందనుకున్నాను. పాడవలేదు.

రంగుని అంకెలుగా మార్చే లెక్క 1931 నాటిది, అంతర్జాతీయ దీపకాంతి కమిషన్ సీఐఈ ఆమోదించింది. దానికి ఆధారం బ్రిటన్‌లో డబ్ల్యూ. డి. రైట్ 10 మందితో, జాన్ గిల్డ్ 7 మందితో చేసిన ప్రయోగాలు. చేయి చాపి పట్టుకుంటే బొటనవేలంత కనిపించే చిన్న వెలుతురు చుక్కలో వాళ్లు రంగులు జతకలిపారు. ఆ 17 మంది కళ్ల సగటు మీదే ఈ రోజుకీ ప్రపంచంలో ప్రతి తెరా కొలవబడుతోంది. ఎంత బాగా పనిచేస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కానీ నా కన్ను ఆ సగటు కాదు, మీదీ కాదు. ఒక తెర తెలుపు పసుపు ఫాస్ఫర్‌తో తయారైతే, ఇంకో తెర తెలుపు విడివిడిగా చిక్కగా ఉండే ఎరుపు, పచ్చ, నీలం వెలుతురులతో తయారవుతుంది. సగటు కంటికి రెండూ ఒకటే. ఒక్కొక్కరి కంటికి కాస్త అటూ ఇటూ. తెర పరిధి విశాలమైనకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ఓఎల్‌ఈడీ పక్కన మామూలు ఎల్‌సీడీ పెడితే బాగా తెలుస్తుంది. అలాంటప్పుడు చివరి అడుగు కంటితోనే వేయాలి: తెల్ల పేజీలు పక్కపక్కన పెట్టి, ఒకదాని గెయిన్ కంటికి కలిసేదాకా కొద్దిగా జరిపి, అక్కడి నుంచి మళ్లీ ప్రొఫైల్ తీయడం.

కాబట్టి రెండు వేర్వేరు తెరలు అచ్చుగుద్దినట్టు కలవవు. ఇది ముందే తెలిస్తే చాలా రాత్రులు మిగులుతాయి. నేను ఇప్పుడు రంగు తేల్చే పనంతా మానిటర్ మీదే చేస్తాను. ల్యాప్‌టాప్ తెర మీద ఫోల్డర్లు, టూల్స్, పిన్నితో వాట్సాప్. రెండిట్లో ఏది నమ్మాలో తేల్చుకోవడమే, రెండూ కలవడం కన్నా ముఖ్యమైంది.

గదిని మర్చిపోకూడదు. మన ఇళ్లలో కూల్ డేలైట్ ట్యూబ్‌లైట్ 6500 కెల్విన్‌ది, తెర తెలుపుకి సరిపోతుంది. అదే గదిలో పసుపు వెచ్చటి బల్బు వేసుకుంటే 2700, 3000 కెల్విన్ల దగ్గరికి దిగిపోతుంది, మంచి తెర కూడా నీలంగా కనబడుతుంది. నా బల్ల వెనక గోడ ఒకప్పుడు లేత గులాబీ. ఇప్పుడు తెల్లసున్నం వేయించాను.

ఇక ఆ నెమలికంఠం. ఈ రంగుని నాకు అర్థమయ్యేలా చెప్పింది పిన్నే. చీర కొంగుని కిటికీ వెలుతురులో రెండు వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. “పడుగు నీలం, పేక పచ్చ. ఇటు చూస్తే నీలం, అటు చూస్తే పచ్చ. ఒక్క రంగైతే గదా నీకు దొరకడానికి?” అంది. నిజమే. నిలువు దారం ఒక రంగు, అడ్డదారం ఒక రంగు. ఫొటో ఒక్క కోణాన్నే పట్టుకుంటుంది. పైగా నీలానికీ పచ్చకీ మధ్యనున్న ఆ మూల ఎస్ఆర్‌జీబీకి అందని మూల. అంత చిక్కటి రంగుని ఆ పరిధిలో కుదించక తప్పదు. కొనేవాళ్ల ఫోన్లలో వివిడ్ మోడ్ ఉంటే వాళ్లకి ఇంకోలా కనబడుతుంది, అది నా చేతిలో లేదు.

నా చేతిలో ఉన్నది ఇప్పుడు చేస్తున్నాను. ఉదయం పదింటికి కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా, ఒక బూడిద రంగు అట్టముక్క పక్కన పెట్టి ఫొటో తీస్తాను. తెలుపు లెక్క సరిచేయడానికి ఆ అట్ట. నెమలికంఠానికి రెండు ఫొటోలు, నీలం కనిపించే వైపు ఒకటి, పచ్చ కనిపించే వైపు ఒకటి. ఫైల్‌ని ఎస్ఆర్‌జీబీగా సేవ్ చేసి, ప్రొఫైల్ దాంతోనే ఉంచుతాను. కింద తెలుగులో ఒక లైను రాస్తాను: పడుగు నీలం, పేక పచ్చ.

కిందటి వారం మళ్లీ అలాంటి చీరే వచ్చింది. మానిటర్ మీద ఫొటో తెరిచి పిన్నిని పిలిచాను. కొంగు తెచ్చి తెర పక్కన పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, చాలాసేపు చూసింది. “పచ్చ వీసమెత్తు ఎక్కువైంది బాబూ” అంది. రెండు పాయింట్లు తగ్గించాను. మళ్లీ చూసింది. ఏమీ అనకుండా చీర మడతపెట్టి, పక్కనున్న వంకాయ రంగు చీర తీసింది.